నీరుగంటికి జీతం ఎవరిస్తారు?

(స్మారకోపన్యాసం పాఠం)



నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు ‘ఐకమత్యం – గ్రామాభివృద్ధి’ అనే అంశం సూచించారు. మొదటి మాట తీసేస్తే వస్తానన్నాను. ఐకమత్యం మీద మాట్లాడటం చాలా సులువు. వేదిక మీదివాళ్ళూ కిందివాళ్ళూ అందరూ తలలూపుతారు, ఇంటికి పోయి ఎవరి తూము వాళ్ళు ఎత్తుకుంటారు. ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారికి అలాంటి సభలు గిట్టేవి కావు. ఆయన బడిలో లెక్కలు చెప్పేవారు, సాయంత్రాలు ఊరి పరపతి సంఘం పుస్తకాలు రాసేవారు. నెల తిరగగానే జమాఖర్చుల కాగితం రామాలయం గోడకు అంటించేవారు. చదవడం రానివాళ్ళకు ఏడో తరగతి పిల్లలు చదివి వినిపించాలి. అది కూడా లెక్కల పాఠమే అనేవారు. ఎవరైనా వచ్చి ఫలానా ఖర్చు ఎందుకైందని నిలదీస్తే సంబరపడేవారే తప్ప నొచ్చుకునేవారు కారు. కలిసికట్టుగా ఉండండి అని ఆయన ఎవరికైనా చెప్పగా నేను వినలేదు.

అందుకే ఈ పూట మనుషుల మంచితనం జోలికి పోను. పదిమంది కలిసి ఒక పని చేయాలంటే ఖర్చవుతుంది. కబురు పెట్టడానికి, కూర్చోబెట్టడానికి, లెక్క రాయడానికి, కాపలా కాయడానికి, మాట తప్పినవాణ్ణి పిలిచి అడగడానికి ఎవరిదో ఒకరి పొద్దు పోతుంది. ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూస్తే ఆ సంఘం ఎన్నాళ్ళు నిలుస్తుందో చాలావరకు చెప్పవచ్చు. సభ్యులే భరిస్తే ఒక రకం. పైనుంచి ఇంకెవరో భరిస్తే ఇంకో రకం. ఒక్క మంచి మనిషి తన ఒంటి కష్టంతో భరిస్తే మూడో రకం. ఆ మూడో రకం ఆ మనిషితోనే పోతుంది. ఈ సభలో ఈ మాట అనడం ఇబ్బందే. కానీ మాస్టారు పోయాక ఆ గోడ మీద కాగితం ఎన్నాళ్ళు కనిపించిందో నాకన్నా మీకే బాగా తెలుసు.

పత్రికల్లో వ్యవసాయం మీద రాస్తూ బతికినవాణ్ణి కనుక నా ఉదాహరణలు ఎక్కువగా నీటి చుట్టూనే తిరుగుతాయి. నీరు పల్లానికి పోతుంది కాబట్టి ఎగువవాడికీ దిగువవాడికీ మధ్య పేచీ ఎవరు దాచినా దాగదు. మిగతా రంగాల్లో అది ఎన్నో మర్యాదల కింద కప్పబడి ఉంటుంది.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర ఒక శాసనం ఉంది. 1369 నాటిది. విజయనగర ప్రభువు బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి వేయించినది. సంస్కృతంలో ఉంటుంది. శాసనాల్లో మామూలుగా ఉండే వంశ వర్ణన, పొగడ్తలు ఇందులోనూ ఉన్నాయి. కానీ మధ్యలో ఒక భాగం అచ్చంగా పనివాళ్ళ కోసం రాసినట్టుంటుంది. చెరువుకు కావలసిన 12 అంగాలేమిటో, ఉండకూడని 6 దోషాలేమిటో ఏకరువు పెడుతుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, 100 బండ్లు పనిచేస్తే రెండేళ్ళు పట్టిందని లెక్క కూడా చెబుతుంది. ఆ 12 అంగాల పట్టిక ధర్మమూ ధనమూ ఉండి కీర్తి కోరే రాజుతో మొదలవుతుంది. తర్వాత నీటి విద్య తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తీపినీటి ఏరు, కొండ, రాతికట్ట, లోతైన గర్భం, రాయి దొరికే గని, చదునైన సారవంతమైన పొలాలు వస్తాయి. కట్టడంలో చేయి తిరిగిన పనివాళ్ళతో ముగుస్తుంది. డబ్బు పెట్టేవాడు మొదట, చెమటోడ్చేవాళ్ళు చివర. వరుస సంగతి ఎలా ఉన్నా ఇద్దరినీ మరచిపోలేదు.

ఇక దోషాలు. కట్టలోంచి ఊట కారడం, చవిటినేల, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీళ్ళు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై పొలం తక్కువ కావడం. ఈ ఐదూ మట్టికీ నీటికీ సంబంధించినవి, ఏ ఓవర్సీరు అయినా చెప్పగలిగినవి. మిగిలిన ఒక్కటి వేరు: చెరువు రెండు రాజ్యాల పొలిమేర మీద ఉండటం. ఊట కారడం ఎలాంటి దోషమో ఇదీ అలాంటి దోషమేనని ఆరున్నర శతాబ్దాల కిందట రాయి మీద చెక్కించారు. ఎంత గట్టి కట్ట పోసినా దాన్ని చూసుకోవలసిన బాధ్యత ఎవరిదో తేలకపోతే కట్ట తెగినట్టే లెక్క. 2023 నవంబరు చివర్లో నాగార్జునసాగర్ ఆనకట్ట మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడిన దృశ్యం చూసి మనమంతా ఆశ్చర్యపోయాం. ఆ శాసనం రాసినవాడైతే ఆశ్చర్యపోయేవాడు కాదు.

చెరువు కట్టడం రాజుకు కీర్తి. దాన్ని ఏటా కనిపెట్టుకోవడంలో ఎవరికీ కీర్తి లేదు. కాబట్టి ఆ పనికి వేరే ఏర్పాటు కావాలి. మన ప్రాంతంలో ఆ ఏర్పాటు మాన్యాల రూపంలో ఉండేది. చెరువు బాగుచేసి నిలిపినవాడికి దశబంధ మాన్యం. తూము తీసి మడికి నీరు పెట్టే నీరుగంటికి కొంత భూమి, కోతలప్పుడు కళ్ళంలో ప్రతి రైతు నుంచీ కొంత గింజ మేర. తెలంగాణలో అదే మనిషిని నీరటి అంటారు. రాత్రిపూట చలిలో కట్ట మీద తిరిగేది, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూసేది అతనే. రైతు తన మడికి తాను నీరు పెట్టుకోకూడదు. ఈ ఒక్క కట్టుబాటు ఎన్ని తలలు పగలకుండా ఆపిందో చెప్పలేం.

దీన్ని చూసి పాత రోజులు బంగారమని పొంగిపోనక్కర్లేదు. నీరుగంటి చాలాచోట్ల దళితుడే. అతనికి ఆ చెరువు కింద పొలం ఉండేది కాదు, అందువల్ల ఎవరి పక్షమూ వహించడని పెద్దలు గర్వంగా చెప్పేవారు. పొలం లేకపోవడం అతని నిష్పాక్షికతకు మూలమైతే, ఆ నిష్పాక్షికత ఖర్చు మొత్తం అతని మీదే పడిందన్నమాట. మేర కొలవడంలో చేతివాటం చూపిన కామందుల గురించి మా తాతల తరంవాళ్ళు కథలు కథలుగా చెప్పేవారు. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. కాపలాదారు తిండి ఆ కళ్ళంలోంచే వచ్చేది. పంట పండకపోతే అతనికీ గింజ లేదు.

ఆ ఏర్పాటు సడలిన కాలం కూడా కాగితాల్లో కనిపిస్తుంది. కుడిమరామత్తు పేరుతో ఊరివాళ్ళు తమంతట తాము చేసే కట్టపనులు సరిగా జరగడం లేదని మద్రాసు ప్రెసిడెన్సీకి 1858లో చట్టం తెచ్చారు. అవసరమైతే జనాన్ని బలవంతంగా పనికి రప్పించవచ్చని దాని సారాంశం. శిస్తు సర్కారు పట్టుకుపోయి, పని మాత్రం ఊరు చేయాలంటే ఎవరు చేస్తారు? చట్టం కాగితం మీదే ఎక్కువగా బతికింది.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే కలిసి పనిచేయడం గురించి ప్రపంచమంతా చదివే పుస్తకాల్లో ఒకటి కర్నూలు పల్లెల మీద వచ్చిందని మన కాలేజీ పిల్లల్లో చాలామందికి తెలియదు. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు 1970ల చివర్లో ఇక్కడి కాలువ కింది ఊళ్ళు తిరిగాడు. 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ పేరుతో పుస్తకం వెలువడింది. ఊళ్ళ అసలు పేర్లు ఆయన బయటపెట్టలేదు. ముఖ్యంగా వర్ణించిన ఊరికి కొత్తపల్లె అని మారుపేరు పెట్టాడు.

ఆయన చూసింది ఇది. చట్టం ప్రకారం ఏర్పడ్డ పంచాయతీ అప్పట్లో పేరుకే ఉంది. దాంతో నిమిత్తం లేకుండా ఊరు తనకొక పెద్దల మండలిని పెట్టుకుంది. దానికి రిజిస్ట్రేషన్ లేదు, సీలు లేదు. నిధి మాత్రం ఉంది. ఆ మండలి పొలాలకు కాపలావాళ్ళను పెట్టేది. పశువు చేలో పడితే తోలుకొచ్చి జరిమానా వేసేవారు. వానలు వెనకబట్టి కాలువలో నీరు సన్నగిల్లే రోజుల్లో ఊరుమ్మడిగా నీరు పెట్టేవాళ్ళను నియమించేది. వాళ్ళు రెండు పనులు చేయాలి. రాత్రిళ్ళు కాలువ వెంట పైకి నడిచి, ఎగువ ఊళ్ళవాళ్ళు తూములు ఎక్కువ ఎత్తకుండా, అడ్డుకట్టలు వేయకుండా చూసి తమ ఊరి వాటా కిందికి దింపుకోవాలి. దిగిన నీటిని ఊళ్ళో మడి మడికీ వాళ్ళే పారించాలి. రైతు పారపట్టుకుని మధ్యలో దిగకూడదు. వాళ్ళ కూలి నీరందుకున్న ఎకరాల లెక్కన రైతులే ఇచ్చుకునేవారు.

మరి నిధి ఎక్కడిది? ఇందులో నాకు అన్నిటికన్నా ముచ్చటైంది గొర్రెల సంగతి. కోతలయ్యాక బయటి నుంచి గొర్రెల మందలు వచ్చి కోసిన పొలాల్లో మేసేవి, రాత్రి మందగట్టిన చోట ఎరువు పడేది. ఎవరికి వాళ్ళు కాపరితో బేరమాడుకుంటే అది ఆ రైతుకూ ఆ కాపరికీ మధ్య వ్యవహారం. ఊరు దాన్ని ఉమ్మడి చేసి, ఆ రాబడిని నిధికి మళ్ళించింది. ఊళ్ళో సారా అమ్మే హక్కు కూడా వేలం వేసి ఆ డబ్బు జమ కట్టేవారు. అది చట్టసమ్మతం కాదు, మెచ్చుకోదగిందీ కాదు. ఆ డబ్బు ఏ ఇళ్ళలోంచి వచ్చిందో ఊహించుకోవచ్చు. కానీ రైతు జేబులో చేయి పెట్టి చందా అడగవలసిన పని లేకుండా ఉమ్మడి ఆస్తి నుంచే ఉమ్మడి ఖర్చుకు డబ్బు పుట్టించడం మామూలు తెలివి కాదు. చందాలతో బతికే సంఘం ఏటా కొత్తగా పుట్టాలి.

అసలు ప్రశ్న ఇంకా ఉంది. ఈ మండళ్ళు అన్ని ఊళ్ళలో లేవు. ఒకే కాలువ, ఒకే కులాల పొందిక, అవే కక్షలు ఉన్న పక్క ఊళ్ళో ఏమీ లేదు. ఎందుకని? ఎగువ ఊళ్ళకు అడగకుండానే నీరు వస్తోంది. వాళ్ళకు మండలి ఒక అనవసరపు ఖర్చు. కాలువ చివరికి పోయేకొద్దీ పైరు ఎండే ప్రమాదం పెరుగుతుంది, దాంతోపాటు ఊరుమ్మడి ఏర్పాటూ కనబడుతుంది. చివరి ఊళ్ళవాళ్ళు ఎగువవాళ్ళకన్నా మంచివాళ్ళు కారు, వాళ్ళకు వేరే దారి లేదు. ఇంకో కారణం నాకు ఇంకా లోతైందనిపిస్తుంది. ఊళ్ళో ఒక్కో రైతు పొలం ఒక్కచోట ఉండదు; ఒక చెక్క తూము పక్కన, ఇంకోటి బోదె కొసన. పొద్దున ఎగువవాడైన మనిషి సాయంత్రానికి దిగువవాడు. అలాంటివాళ్ళు కూర్చుని చేసుకున్న నియమం ఒక పక్కకు మరీ వాలదు.

మండలిలో కూర్చున్నది పెద్ద రైతులే. ఆడవాళ్ళు లేరు, కూలీలు లేరు. ఆ పుస్తకం చదివి గ్రామస్వరాజ్యం దొరికిందని మురిసినవాళ్ళను చూశాను, వాళ్ళు ఈ భాగాన్ని తొందరగా తిప్పేసి ఉంటారు. ఊరంతటికీ మేలు జరిగింది, నిజమే. ఎవరిని అడిగి జరిగిందన్నది వేరే సంగతి.

ఈ విషయమై పండితుల వాదం పెద్దదే. ఉమ్మడి మేత బీడు చివరికి ఎడారే అవుతుందని 1968లో గారెట్ హార్డిన్ రాశాడు. తలా ఒక పశువు ఎక్కువ తోలుకుంటూ పోతారని ఆయన తర్కం. ఎలినార్ ఆస్ట్రోమ్ 1990లో వచ్చిన తన పుస్తకంలో స్పెయిన్ కాలువలు, స్విట్జర్లాండ్ కొండబీళ్ళు, జపాన్ అడవులు చూపించి, జనం నియమాలు చేసుకుని శతాబ్దాలు నడుపుకున్నారు చూడమంది. 2009లో ఆమెకు నోబెల్ బహుమతి ఇచ్చారు. అర్థశాస్త్రంలో అది అందుకున్న మొదటి మహిళ ఆమే. ఆమె చెప్పినవాటిలో నేను ఎప్పుడూ గుర్తుపెట్టుకునేది కాపలా గురించి: కాపలావాడు ఆ నీరు వాడుకునేవాళ్ళకు జవాబుదారీగా ఉండాలి, మొదటి తప్పుకు శిక్ష చిన్నదిగా ఉండాలి. మన ఊళ్ళలో తప్పుకు శిక్ష అంటే వెలి వేయడమో, వదిలేయడమో. నడిమి మెట్లు ఉండవు.

కొత్తపల్లెకు ఎవరూ ప్రణాళిక వేయలేదు. ప్రణాళిక వేసిన కథ 1997ది. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్ శాసనసభ సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగించే చట్టం చేసింది. అదే ఏడు జూన్‌లో ఎన్నికలు పెట్టి రాష్ట్రమంతటా పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరిచారు. దేశంలో అంత పెద్ద ఎత్తున, అంత త్వరగా ఎవరూ చేయలేదు. ప్రపంచబ్యాంకువాళ్ళు, పక్క రాష్ట్రాలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవారు. చట్టం వెనక ఆలోచన మంచిదే. సంఘం హద్దు ఊరి పొలిమేరను బట్టి కాక నీరు పారే దారిని బట్టి ఉండాలన్నారు. నీటి తీరువాను మాగాణికి ఎకరా 60 రూపాయల నుంచి 200కు పెంచడానికి కూడా ప్రభుత్వం సాహసించింది. ఆ మాట ఎత్తడానికి ఇవాళ ఏ పార్టీకీ నోరు రాదు.

మొదటి రెండు మూడేళ్ళు పనులు బాగా జరిగాయి. ఎన్నో ఏళ్ళుగా పూడిక తీయని కాలువలు పారాయి, చివరి భూములకు నీరందిందని ఊరూరా చెప్పుకున్నారు. తర్వాత ఏమైంది? సంఘానికి డబ్బు పనుల రూపంలో వచ్చింది. మరమ్మతు పని వస్తే సంఘానికి ఊపిరి, రాకపోతే నిద్ర. దాంతో అధ్యక్ష పదవి నీటి పంపకం కోసం కాక పనుల కోసం పోటీపడేదిగా మారింది. చాలాచోట్ల అధ్యక్షుడూ కాంట్రాక్టరూ ఒకే చొక్కాలో తిరిగారు. రైతు కట్టిన తీరువా ఖజానాకు పోయి, అందులో వాటా తిరిగి సంఘానికి రావాలి. ఆ ప్రయాణం సుదీర్ఘమైంది. తన 200 రూపాయలు తన బోదెలోకి ఎప్పుడు వచ్చాయో రైతుకు తెలియదు. తెలియనప్పుడు ఎందుకు అడుగుతాడు? ఎన్నికలు సకాలంలో జరగని ఏళ్ళు గడిచాయి. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ సాగునీటి సంఘాల ఎన్నికలు జరిగాయి. ఈసారైనా నీరుగంటి జీతం సంగతి ముందు తేల్చుకోమని నేను కలిసిన కొత్త అధ్యక్షులకల్లా చెబుతున్నాను. వాళ్ళు నవ్వి, పూడికతీత బిల్లుల గురించి అడుగుతున్నారు.

పోల్చి చూడటానికి శ్రీలంకలోని గల్ ఓయ ప్రాజెక్టు పనికొస్తుంది. 1980ల మొదట్లో అక్కడ కూడా బయటివాళ్ళే మొదలుపెట్టారు. రైతు కుటుంబాల నుంచి వచ్చిన, ఉద్యోగం లేని పట్టభద్రులను ఎంపికచేసి కాలువల వెంట ఊళ్ళలో కాపురం పెట్టించారు. వాళ్ళకు చెప్పిన పద్ధతి మన పద్ధతికి తలకిందులు. మనం మొదటి రోజే అధ్యక్షుణ్ణి, కార్యదర్శిని, కోశాధికారిని ఎన్నుకుంటాం, అక్కణ్ణుంచి రెండు వర్గాలవుతాం. వాళ్ళు ముందు ఇంటింటికీ తిరిగి మాట్లాడారు. తర్వాత ఒకే పిల్లకాలువ కింది కొద్దిమందితో పూడిక తీయించారు. పని నడిచాకే ప్రతినిధి మాట వచ్చింది. అప్పటికి ఎవరు పొద్దున్నే పారతో వచ్చారో, ఎవరు నీడన కూర్చుని సలహాలిచ్చారో అందరికీ తెలిసిపోయింది. నీటి ఎద్దడి ఉన్న ఒక సీజనులో కొన్ని కాలువల మీద ఎగువ సింహళ రైతులు నీరు పొదుపు చేసి దిగువకు వదిలారు. ఆ దిగువన తమిళ రైతులు ఉన్నారు. ఆ దేశం అప్పుడున్న పరిస్థితిలో అది చిన్న విషయం కాదు.

బోరుబావుల దగ్గరికి వస్తే వ్యవహారం కష్టమవుతుంది. కాలువలో నీరు కంటికి కనిపిస్తుంది, దొంగ తూము దొరుకుతుంది. భూమి కింద నీటిని ఎవరు ఎంత లాగారో ఎవరికీ తెలియదు. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక మోటారు ఒక గంట ఎక్కువ నడిపితే రైతుకు పైసా ఖర్చు లేదు. ఉచిత కరెంటు తప్పని నేననను. మెట్టరైతు బోరు అప్పుల్లో మునిగిన కాలం చూసినవాళ్ళెవరూ అనరు. కానీ దానివల్ల కలిసి ఆలోచించవలసిన కారణం ఒకటి మాయమైంది.

ఆ చీకట్లో దీపం పెట్టిన ప్రయత్నం ఒకటి ఇక్కడే జరిగింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 2003 తర్వాత కొన్నేళ్ళు నడిచిన రైతుల భూగర్భజల నిర్వహణ కార్యక్రమం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పడింది, నంద్యాల కేంద్రంగా ఒక స్వచ్ఛంద సంస్థ ముందుండి నడిపింది. రైతులే, వాళ్ళలో ఆడవాళ్ళూ ఎక్కువగానే, వానకొలత పాత్ర చూసి రాసుకునేవారు, ఎంచుకున్న బావుల్లో తాడు దింపి నీటిమట్టం కొలిచేవారు. ఆ అంకెలు ఊళ్ళో గోడ మీద రాసేవారు. మాస్టారి గోడ లాంటిదే అనుకోండి. రబీ మొదలయ్యే ముందు ఒక వాగు పరీవాహక ప్రాంతంలోని ఊళ్ళన్నీ కూర్చుని, ఇంత వాన పడింది, ఇంత నీరు దిగింది, మనం వేద్దామనుకుంటున్న పంటలకు ఇంత కావాలి అని లెక్క వేసేవారు. లోటు తేలితే ఎవరూ ఎవరినీ వరి వేయొద్దని ఆజ్ఞాపించరు. తెలిసిన తర్వాత ఎవరి నిర్ణయం వాళ్ళది. చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. మోటారు కింద వరి ఎండితే పోయేది తన పెట్టుబడే కదా, ఆ లెక్క వేసుకున్నారు.

ప్రాజెక్టు ముగిశాక వెళ్ళి చూసినవాళ్ళ అభిప్రాయాలు ఒకలా లేవు. నేర్చుకున్న లెక్క రైతుల్లో మిగిలిందని కొందరు, కొలతలు ఆగిపోయాయని కొందరు. రెండూ నిజం కావచ్చు. కొలవడానికి పదిహేను రోజులకోసారి ఒక మనిషి బావుల వెంట తిరగాలి. ఆ మనిషికి ఊరు ఏమిచ్చింది? చప్పట్లు.

ఆడవాళ్ళ పొదుపు సంఘాలు ఈ విషయంలో మగవాళ్ళ సంఘాలకన్నా ముందున్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటం తర్వాత రోజుకు రూపాయి పొదుపు ఊరూరా పాకింది. పది పదిహేనుమంది గుంపు, వాళ్ళ డబ్బు, వాళ్ళలోనే అప్పు, అందరి ఎదుట లెక్క. తర్వాత గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యలు వచ్చాయి. పుస్తకాలు రాసే అమ్మాయికి చాలాచోట్ల సంఘమే ఎంతో కొంత ఇచ్చుకునేది. ఆ చిన్న మొత్తమే ఆ అమ్మాయిని వాళ్ళ మనిషిగా ఉంచింది.

అదే గుంపు వేరేవాళ్ళ చేతిలో పడితే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2010కి ముందు సూక్ష్మరుణ సంస్థలవాళ్ళు పదిమంది ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఒకరికొకరు పూచీ అన్నారు. వారం వారం వసూలు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు ఆమె ఇంటి ముందు కూర్చోవాలి. బయటికి చూస్తే అదీ సంఘమే: అదే చాప, అదే గుండ్రటి వరుస. కానీ కాపలా ఖర్చు మొత్తం సభ్యుల మీద వేసి, లాభం పట్నానికి పోయింది. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చి కట్టడి చేయవలసి వచ్చింది. తోటివాళ్ళ కట్టుబాటు బలమైన ఆయుధం. అది ఎవరి చేతిలో ఉందో చూడకుండా సామూహిక శక్తిని పొగిడేవాళ్ళంటే నాకు భయం.

ముల్కనూరు గురించి చెప్పకుండా సహకారం మీద మాట్లాడితే ఈ సభలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి ముందు నిలిచి స్థాపించిన ఆ సహకార సంఘం ఇప్పటికీ నడుస్తోంది. అదే ఊళ్ళో ఆడవాళ్ళు నడిపే స్వకృషి పాల డెయిరీ 2000 ప్రాంతంలో మొదలైంది. నాకు తట్టింది ఒక్కటే చెబుతాను. ఆ పెద్ద సంఘం తన పరిధిని పద్నాలుగు ఊళ్ళు దాటనివ్వలేదు. పేరు వచ్చాక జిల్లా అంతా పరుచుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. పరుచుకుంటే ఒకరి మొహం ఒకరికి తెలియదు, అప్పు ఎగ్గొట్టినవాడు సంతలో ఎదురుపడడు. ఎంత వరకు పెరగాలో ముందే గీత గీసుకోవడం కూడా ప్రణాళికే. మన పథకాలు రాసేవాళ్ళకు ఈ మాట ఎక్కదు, వాళ్ళకు రాష్ట్రవ్యాప్తం అంటేనే ఇంపు.

తగాదాల సంగతి కూడా ముందే చూసుకోవాలి. తగాదా రాదని నమ్మి పెట్టిన సంఘం మొదటి తగాదాకే పోతుంది. స్పెయిన్‌లోని వాలెన్సియా నగరంలో నీటి తగాదాల పంచాయితీ ఒకటుంది. ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు పెద్ద చర్చి గుమ్మం బయట, వీధిలోనే కూర్చుంటారు. కాలువలవారీగా రైతులు ఎన్నుకున్న ప్రతినిధులే తీర్పరులు. వకీళ్ళు లేరు, అంతా నోటిమాటే, తీర్పు అక్కడికక్కడే. వెయ్యేళ్ళ చరిత్ర ఉందని వాళ్ళు చెప్పుకుంటారు. యునెస్కో 2009లో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. చాలా గురువారాలు వినవలసిన తగాదాలే ఉండవట. అయినా వచ్చి, నల్ల అంగీలు తొడుక్కుని కూర్చుని, పిలిచి, ఎవరూ లేరని లేచిపోతారు. మన సంఘాల్లో తగాదా వచ్చాకే కమిటీ వేస్తారు. అప్పటికి కమిటీలో ఎవరుండాలన్నదే మొదటి తగాదా.

ఇప్పుడు కాలువల చోట పైపులూ ఎత్తిపోతలూ వస్తున్నాయి. ఎత్తిపోతల కింద నీరు పల్లానికి దానంతట అది పోదు. కరెంటు బిల్లు కట్టినన్నాళ్ళే పోతుంది. రైతు సంఘాలకు అప్పగించిన చిన్న ఎత్తిపోతల పథకాలు మోటారు కాలితే, బిల్లు పేరుకుంటే మూతపడటం మనం చూస్తూనే ఉన్నాం. ఫోనులో నీటిమట్టం చూపే పరికరాలు వస్తున్నాయి, మంచిదే. నీటిమట్టం తెలిశాక, చాలదని తేలాక, ఈ వారం ఎవరి మడి ఎండాలో ఆ పరికరం చెప్పదు. చెప్పవలసిన మనుషులు కూర్చోవాలి, వాళ్ళలో కాలువ కొసనున్న రైతూ కౌలుదారూ ఉండాలి. కౌలుదారు పేరు ఏ కాగితంలోనూ లేకపోతే అతన్ని ఏ సంఘంలో చేరుస్తారు? మన ఆయకట్టులో నాటు వేసేవాళ్ళలో కౌలుదారులే ఎక్కువగా ఉన్న ఊళ్ళున్నాయి. పొలం యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు, ఓటు అతనిది, పార ఇతనిది. 1997లో తేల్చని ఈ ముడిని ఇప్పుడు తేల్చకుండా ఎన్ని ఎన్నికలు పెట్టినా నేను నమ్మను.

ప్రశ్నలకు అధ్యక్షులు అరగంట ఇచ్చారు. ఎకరాకు ఎంత వేసుకుంటే మీ పిల్లకాలువకు ఒక నీరుగంటిని ఆర్నెల్లు పెట్టుకోగలరో లెక్క కట్టి, ఆ అంకెతో ఎవరైనా లేస్తే ముందు వాళ్ళకే అవకాశం ఇవ్వమని కోరుతున్నాను.